పంపిన సంఘం మరువకూడని పని: మిషనరీ కుటుంబానికి ఏడాది పొడవునా అండగా నిలవడం ఎలా?

ఏటూరునాగారం దాటిన తరువాత రోడ్డుకు లోపలగా ఉన్న ఒక పల్లెలో, మా సంఘం పంపిన మిషనరీ ఇంటికి నేను కోశాధికారిగా మొదటిసారి వెళ్లినప్పుడు, టీ పెట్టడానికి చక్కెర లేక మిషనరీ భార్య అయిన అమ్మగారు పిల్లవాణ్ని కిరాణా కొట్టుకు పంపారు. వాడు చక్కెర పొట్లంతో పాటు అట్ట నలిగిన ఒక చిన్న పుస్తకాన్ని కూడా పట్టుకొచ్చి నా ముందే బల్ల మీద పెట్టాడు. అది ఉద్దెర ఖాతా. అందులో జూన్ రెండవ వారం నుండి ఆగస్టు చివరి దాకా బియ్యం, నూనె, సబ్బు, అగ్గిపెట్టెలు వరుసగా రాసి ఉన్నాయి. ఎక్కడా కొట్టివేత లేదు. ఆ మూడు నెలలూ మా సంఘం డబ్బు సమయానికి పంపని నెలలే. జూన్‌లో రెండు వారాలు ఆలస్యమైంది, జూలైలో కానుకలు తగ్గాయి, ఆగస్టులో అన్నీ కలిపి పంపుదామని కమిటీలో అనుకుని లేచి వెళ్లిపోయాం. ఎందుకు ఫోన్ చేయలేదని నేను అడిగితే ఆమె, "మేం అడిగితే అడుక్కున్నట్లుంటది అన్నా, మీరే యాది చేసుకోవాలె" అన్నారు.

వెళ్లినవారికి అడగవలసిన అవసరం రాకుండా పంపినవారే ముందుగా అడిగి తెలుసుకునే ఏర్పాటును ఒక సాధారణ సంఘం ఎలా చేసుకోవచ్చో, ఆ తరువాతి సంవత్సరాలలో మేము నేర్చుకున్న క్రమంలోనే ఇక్కడ రాస్తున్నాను. హనుమకొండ, వరంగల్, జనగామ, నర్సంపేట, పరకాల వంటి చోట్ల ఉన్న, ఉద్యోగులూ రైతులూ కూలీలూ కలిసి ఆరాధించే సంఘాలను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

1. ముందు పెద్దల మనసు కలవాలి

సంఘం మొత్తానికి ప్రకటన చేయడానికి ముందు సంఘ కాపరి, పెద్దలు, కోశాధికారి, స్త్రీల సమాజం నాయకురాలు, యవ్వనస్థుల నాయకుడు ఒక సాయంత్రం కూర్చుని ఈ ఒక్క విషయమే మాట్లాడుకోవాలి. ఆ సమావేశంలో తప్పకుండా వచ్చే మొదటి మాట, "మన గుడికే ఇంకా స్లాబు పడలేదు కదా" అనేది. అలా అన్నవారి మీద కోపపడవద్దు. వారు సంఘం మీద ప్రేమతోనే అంటున్నారు. అయితే అపొస్తలుల కార్యములు పదమూడవ అధ్యాయాన్ని అందరూ కలిసి నెమ్మదిగా చదవండి. అంతియొకయ సంఘం తనకు అదనంగా ఉన్నవారిని కాక, తనలో ముఖ్య బోధకులైన బర్నబాను, సౌలును ఉపవాసముండి ప్రార్థించి పంపింది. వారు తిరిగి వచ్చినప్పుడు సంఘాన్ని సమకూర్చి జరిగినదంతా వివరించారని పద్నాలుగవ అధ్యాయం చివర ఉంది. కాబట్టి వెళ్లినవారిపై లెక్క చెప్పే బాధ్యత ఎంత ఉందో, పంపినవారిపై ఆ లెక్క వినే బాధ్యత కూడా అంతే ఉంది.

మన ప్రాంతపు చరిత్ర కూడా పెద్దలకు గుర్తుచేయదగినదే. 1903లో తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించుకుని, నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతానికి తమ మనుషులను తమ కానుకలతోనే పంపారు. ఆ సొసైటీ స్థాపకులలో ఒకరైన వి.ఎస్. అజరయ్య ఆ తరువాత తానే డోర్నకల్‌కు వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయ్యారు. నేటి మహబూబాబాద్ జిల్లాలోని పల్లెలకు సువార్త రావడం వెనుక మన మొహం ఎన్నడూ చూడని తమిళ స్త్రీలు, రైతులు వేసిన కానుకలు ఉన్నాయి. ఒకప్పుడు మనం ఎవరి సేవా స్థలమో తెలిసిన సంఘానికి, ఇప్పుడు తానెవరిని పంపాలో చెప్పడం అంత కష్టం కాదు.

2. మిషనరీ ఇంటి లెక్క తెలుసుకోవాలి

మనలో చాలా సంఘాలు చేసే పొరపాటు, మన దగ్గర ఎంత ఉందో చూసుకుని ఒక అంకె నిర్ణయించడం. ఆ కుటుంబం బతకడానికి ఎంత కావాలో ముందు తెలుసుకోవాలి. ఇందుకు ఇద్దరిని పంపండి. వారిలో ఒకరు స్త్రీ అయి ఉండాలి, ఎందుకంటే ఇంటి ఖర్చు గురించి అమ్మగారు మగవారి ముందు పూర్తిగా చెప్పరు. ఇంటి అద్దె, సరుకులు, గ్యాస్, కరెంటు, ఫోన్ రీచార్జి, బండికి పెట్రోలు అనేవి అందరికీ గుర్తుంటాయి. గుర్తుండనివి వేరే ఉన్నాయి. ఆరాధనకు నాలుగైదు కిలోమీటర్లు నడిచి వచ్చినవారికి అన్నం పెట్టకుండా పంపలేరు. ఆ బియ్యం కూడా ఆ ఇంటి డబ్బాలో నుండే పోతుంది. సొంత ఊళ్లో ఉన్న వృద్ధ తల్లిదండ్రులకు నెలకు ఎంతో కొంత పంపవలసి ఉంటుంది. మట్టి రోడ్ల మీద తిరిగే బండికి టైర్లు, చైన్ త్వరగా అరుగుతాయి. కోయ, గోండి, కొలామీ మాట్లాడే గూడేలలో పనిచేసేవారు ఆ భాష నేర్చుకోవడానికి మొదటి రెండేళ్లు ఎక్కువ సమయం వెచ్చించాలి. ఆ కాలంలో పైకి కనిపించే ఫలితం ఏమీ ఉండదు కాబట్టి, భాష నేర్చుకోవడమే పని అని సంఘం ముందుగానే ఒప్పుకోవాలి.

నెలవారీ ఖర్చు ఒక కాగితం మీద, ఏడాదికి ఒకసారి వచ్చే ఫీజులు, పుస్తకాలు, బట్టలు, ప్రయాణాలు మరో కాగితం మీద రాయండి. వేరేచోటి నుండి కూడా సహాయం వస్తుంటే అది కూడా రాయమని ప్రేమగా అడగండి. "ఆయనకు ఇంకెక్కడినుంచో వస్తదట" అనే గుసగుసను ఆపే మార్గం ఇదొక్కటే.

3. వాగ్దానాలు తీసుకోవడం, వాటిని జాగ్రత్తగా లెక్కించడం

ఒక ఆదివారాన్ని మిషనరీ ఆదివారంగా ప్రకటించి, ఆ ఇంటి లెక్కను (వారి అనుమతితో, మొత్తం అంకెల వరకే) సంఘానికి చెప్పండి. చిన్న కాగితాలు పంచి, ప్రతి కుటుంబం ఏడాది పాటు నెలకు ఎంత ఇవ్వగలదో ఇంటికి వెళ్లి ప్రార్థించి రాసి, వచ్చే వారం తెచ్చి వేయమనండి. వేదిక మీద నిలబెట్టి చేతులెత్తించడం, పేర్లు చదవడం, ఎవరు ఎంత రాశారో బోర్డు మీద అంటించడం చేయవద్దు. సణుగుకొనకుండా, బలవంతం లేకుండా ఇవ్వమని పౌలు కొరింథీయులకు రాసిన మాట మనకు కంఠస్థమే అయినా, కానుకల ఆదివారం రోజున మనమే దాన్ని ఎక్కువగా మీరుతుంటాం.

ఉదాహరణకు, నూట ఇరవై కుటుంబాల సంఘంలో అరవై కుటుంబాలు ముందుకు వచ్చాయనుకుందాం. నలభై కుటుంబాలు నెలకు 100 రూపాయలు, పదిహేను కుటుంబాలు 300, అయిదు కుటుంబాలు 1,000 రాస్తే నెలకు 13,500 రూపాయలవుతుంది. అంతా చేతికి వస్తుందని నమ్మి ఆ మొత్తాన్ని మిషనరీకి మాట ఇవ్వవద్దు. ఊరు మారేవారుంటారు, ఇంట్లో జబ్బు పడేవారుంటారు. అందులో ఎనభై శాతం, అంటే 10,800 మాత్రమే వస్తుందని లెక్కవేసి, పది వేల అయిదు వందలు ప్రతి నెలా తప్పక పంపుతామని మాట ఇవ్వండి. ఒక నెల పదిహేను వేలు, మరో నెల నాలుగు వేలు పంపే సంఘం కంటే, తక్కువైనా ఒకే అంకెను ఒకే తేదీన పంపే సంఘమే ఆ ఇంటిని నిలబెడుతుందని నేను అనుభవంతో చెప్పగలను. ఇంటి లెక్కకు ఇంకా తక్కువ పడితే చుట్టుపక్కల మరో రెండు సంఘాలతో పంచుకోండి. అయితే ముగ్గురి తరఫునా ఒకే కోశాధికారి పంపాలి, లేకపోతే ప్రతి సంఘమూ మిగతా ఇద్దరు పంపారులే అనుకుంటుంది.

డబ్బు ఇవ్వలేని ఇళ్లను పక్కన పెట్టవద్దు. మిజోరం సంఘాలలో వంట చేసే ప్రతిసారీ గుప్పెడు బియ్యం తీసిపెట్టి సంఘానికి తెచ్చే ఆచారం వందేళ్లకు పైగా సాగుతోంది. మన దగ్గర కూడా కూలికి వెళ్లే తల్లులు స్త్రీల సమాజం డబ్బాలో పోసిన బియ్యం నెలకు ఒక బస్తా అయ్యే సంఘాలున్నాయి.

4. పత్తి డబ్బు వచ్చినప్పుడే వానకాలం గురించి ఆలోచించాలి

నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచే అడుగు ఇదే. మా ఉద్దెర ఖాతా కథ ఎక్కడ మొదలైందో ఆలోచిస్తే, జూన్ నెల దగ్గర తేలింది. మన సంఘాలలో రైతు కుటుంబాలకు జూన్ నుండి సెప్టెంబరు దాకా విత్తనాలు, ఎరువులు, కూలీలు, పిల్లల ఫీజులు ఒకేసారి మీద పడతాయి. చేతిలో ఉన్నదంతా భూమిలోకి పోతుంది. కానుక సంచి ఆ నెలల్లో సహజంగానే తేలికవుతుంది. సరిగ్గా అవే నెలల్లో ములుగు, భూపాలపల్లి, ఆసిఫాబాద్ వైపు అడవి గ్రామాల్లో వాగులు పొంగుతాయి, మలేరియా జ్వరాలు మొదలవుతాయి, మిషనరీ పిల్లలకూ బడి తెరుస్తారు. ఇక్కడ చేతులు ఖాళీ అయ్యే కాలమే అక్కడ ఖర్చు పెరిగే కాలం. ఈ రెండూ ఒకేసారి రావడం ఏటా జరిగేదే అయినా, ఏటా మనకు కొత్తగా వచ్చిన కష్టంలా కనిపిస్తుంది.

దీనికి మందు మన పంటల క్యాలెండరులోనే ఉంది. అక్టోబరు, నవంబరు నుండి పత్తి డబ్బు వస్తుంది. వడ్లు కూడా అప్పుడే అమ్ముడవుతాయి. ఫిబ్రవరి నుండి ఏప్రిల్ దాకా వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు వెళ్తాయి. కోత పండుగ రోజున సంఘంలో వేలం వేసే గుమ్మడికాయలు, కోళ్లు, మొక్కజొన్న మీద వచ్చిన డబ్బులో సగమైనా, మిర్చి అమ్మిన తరువాత రైతులు తెచ్చే కృతజ్ఞతార్పణల్లో ఒక భాగమైనా వేరుగా తీసి, మిషనరీకి మూడు నెలలకు సరిపడే నిధిని మే నెలాఖరుకు బ్యాంకులో సిద్ధంగా ఉంచండి. పైన చెప్పిన లెక్క ప్రకారం అది 31,500 రూపాయలు. జూన్, జూలై, ఆగస్టు నెలల్లో లోటు పడినంత మేరకే ఆ నిధిలో నుండి తీయాలి. గుడికి రంగులు వేయడానికో, మైకు సెట్టు కొనడానికో దాన్ని ముట్టకూడదని కమిటీ తీర్మానం రాసిపెట్టుకోవాలి. మేము ఈ తీర్మానం చేసిన మొదటి సంవత్సరం వానకాలం పోయాక కూడా నిధిలో సగం మిగిలింది. దాన్ని మరుసటి ఏటికి అలాగే ఉంచాం.

5. డబ్బు ఏ దారిన వెళ్లాలి

మిషనరీ ఒక సంస్థ ద్వారా వెళ్లినవారైతే ఆ సంస్థ ఖాతాకే పంపి, వ్యక్తిగతంగా ఇచ్చే పండుగ కానుకను కూడా సంస్థకు తెలియజేయండి. సంఘమే నేరుగా పంపినవారైతే సంఘం బ్యాంకు ఖాతా నుండి వారి ఖాతాకు నెల అయిదవ తేదీ లోపు చేరాలి. కాపరి గారి ఫోన్ నుండో, కోశాధికారి ఫోన్ నుండో పంపడం సులభమే గాని, అలా పంపిన డబ్బు ఎవరిదో ఏడాది తరువాత ఎవరూ చెప్పలేరు. ఇద్దరి సంతకాలు, వోచరు, రసీదు ఉండాలి. యెరూషలేము పరిశుద్ధుల కోసం పోగుచేసిన చందా విషయంలో పౌలు అంతటివాడే, ఎవరూ తప్పుపట్టకుండా మనుషుల దృష్టికి కూడా యోగ్యంగా ఉండాలని మరికొందరు సహోదరులను వెంట పెట్టుకున్నాడు.

రెండు హెచ్చరికలు. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ లేకుండా విదేశాల నుండి ఒక్క రూపాయి కూడా సంఘం ఖాతాలోకి తీసుకోకూడదు. 2020 సవరణ తరువాత, రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ కూడా అలా వచ్చిన డబ్బును మరొక సంస్థకు బదిలీ చేయడం కుదరదు. అలాగే దాతలకు ఆదాయపు పన్నులో మినహాయింపు దొరుకుతుందని ముందే మాట ఇవ్వవద్దు, ఒకే మతానికి చెందిన కార్యక్రమాల కోసం ఉన్న సంస్థలకు ఆ సదుపాయం సాధారణంగా వర్తించదు. ఆడిటరును అడిగి చెప్పండి.

6. జబ్బు, ప్రమాదం, ముసలితనం

ఇరవై ఏళ్లు అడవి గ్రామాల్లో పనిచేసి, అరవై దాటాక అద్దె ఇంటికి డబ్బులేక బంధువుల దగ్గర తలదాచుకునే మిషనరీలను మనలో చాలామంది చూశాం. దీన్ని ఆపడం పెద్ద సంస్థలకే సాధ్యమనుకోవడం సరికాదు. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు కడితే ప్రమాద మరణానికి 2 లక్షలు వస్తాయి. జీవన్ జ్యోతి బీమాకు ఏడాదికి 436 రూపాయలు కడితే ఏ కారణంతో మరణించినా 2 లక్షలు. మొదటిది 18 నుండి 70 ఏళ్ల వారికి, రెండవది 18 నుండి 50 ఏళ్ల వారు చేరడానికి. నలభై లోపు వయసువారై, ఆదాయపు పన్ను కట్టేవారు కాకపోతే అటల్ పెన్షన్ యోజనలో చేర్పించవచ్చు. వీటి వాటా సంఘం కట్టాలి. వారి జీతంలో నుండి కట్టుకోమనడం అన్యాయం. ఇంకొక సంగతి: ఆరోగ్యశ్రీలో తెలంగాణ కుటుంబాలకు ఏడాదికి 10 లక్షల రూపాయల వరకు వైద్యం ఉన్నా, అది రేషను కార్డుతో ముడిపడి ఉంటుంది. వేరే రాష్ట్రం నుండి వచ్చి ఇక్కడ పనిచేస్తున్న మిషనరీకి ఆ కార్డు ఉండకపోవచ్చు. ఉందో లేదో జబ్బు రాకముందే అడగండి.

7. డబ్బుతో తీరని అవసరాలు

రోమాలో చెరసాలలో ఉన్న పౌలు తిమోతికి రాస్తూ, త్రోయలో కర్పు ఇంట విడిచివచ్చిన అంగీని, పుస్తకాలను, ముఖ్యంగా చర్మపు కాగితాలను తెమ్మన్నాడు. శీతకాలం రాకముందే రమ్మన్నాడు. చలి, ఒంటరితనం, చదువుకోవాలనే ఆశ అనే మూడూ ఆ కొద్ది వాక్యాల్లో ఉన్నాయి. మన మిషనరీలకూ అవే ఉంటాయి.

ఫోన్ చేసే బాధ్యతను "అందరం చేద్దాం" అని వదిలేస్తే ఎవరూ చేయరు. యాభై రెండు వారాలకు యాభై రెండు కుటుంబాల పేర్లు రాసి, ఆ వారం ఆ కుటుంబమే ఫోన్ చేయాలని నియమించండి. "సేవ ఎట్లా ఉంది, ఎంతమంది వస్తున్నారు" అని మొదలుపెట్టవద్దు. పిల్లవాడి జ్వరం తగ్గిందా, బోరులో నీళ్లు వస్తున్నాయా, అమ్మగారి తల్లి ఎలా ఉన్నారు అని అడగండి. చెప్పిన ప్రార్థన అంశాన్ని రాసుకుని, ఆదివారం ఆరాధనలో అదే చెప్పి ప్రార్థించి, ప్రార్థించామని తిరిగి తెలియజేయండి. అయితే గ్రామాల పేర్లు, కొత్త విశ్వాసుల ఫోటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టవద్దు. మనకు అది సంతోషకరమైన వార్త, వారికి అది ఊళ్లో బతుకు సమస్య కావచ్చు.

హనుమకొండ, వరంగల్ సంఘాలు మాత్రమే చేయగలిగిన సాయం ఒకటుంది. అటువైపు మిషనరీల పిల్లలు చాలామంది మన ఊళ్లో హాస్టళ్లలో ఉండి చదువుకుంటారు, వారి ఇళ్లలో ఎవరికి పెద్ద జబ్బు చేసినా ఇక్కడి ప్రభుత్వ ఎంజీఎం ఆసుపత్రికే వస్తారు. ప్రతి పిల్లవాడికి సంఘంలో ఒక ఇల్లు చూపండి: ఆదివారం భోజనం, బట్టలు ఉతుక్కోవడానికి చోటు, పరీక్షల ముందు ప్రార్థన, సెలవులకు బస్సు ఎక్కించడం. ఆసుపత్రికి వచ్చినవారికి రాత్రి తోడు ఉండడానికి యవ్వనస్థుల వరుస ఒకటి, పూట పూటకూ అన్నం పంపే ఇళ్ల వరుస ఒకటి ముందుగానే రాసి ఉంచండి. ఫిలిప్పీ సంఘం పంపిన ఎపఫ్రొదితు కానుకను ఇచ్చి వెంటనే వెనక్కి రాలేదు. పౌలుకు పరిచర్య చేస్తూ చావుకు దగ్గరయ్యేంత జబ్బు పడ్డాడు. మనిషిని పంపడం అంటే అదే.

8. ఏడాదికి ఒకసారి వెళ్లి చూడాలి

తనిఖీకి వెళ్లినట్లు వెళ్లవద్దు. హనుమకొండ నుండి ఏటూరునాగారం సుమారు వంద కిలోమీటర్లే. ముందుగా చెప్పి, సొంత సరుకులు పట్టుకుని, వంటకు మన స్త్రీలే కూర్చునేలా వెళ్లండి. రెండు రాత్రులైనా ఉండాలి. మొదటి రోజు మర్యాద మాటలతోనే గడిచిపోతుంది. మనసులో మాట రెండో రాత్రి, పిల్లలు పడుకున్నాక బయటికి వస్తుంది. తిరిగి వచ్చిన ఆదివారం, చూసినవారే సంఘానికి చెప్పాలి.

9. అంకెలు అడగకుండా ఆగగలగాలి

రెండేళ్లు గడిచేసరికి "ఎన్ని బాప్తిస్మాలు?" అనే ప్రశ్న కమిటీలో వస్తుంది. లెక్క అడగడం తప్పు కాదు. పని గురించి, ఖర్చు గురించి మూడు నెలలకొకసారి ఒక పేజీ రాయమనండి. కాని బాప్తిస్మాల సంఖ్యను బట్టి డబ్బు పెంచడం, తగ్గించడం మొదలుపెట్టిన రోజు, మిషనరీ మనకు నిజం రాయడం మానేస్తాడు. అమెరికన్ బాప్టిస్టు మిషన్ తెలుగువారి మధ్య 1836లో పని ప్రారంభించి, 1840లో నెల్లూరులో స్థిరపడి, ఫలితం దాదాపు లేదని 1853లో ఆ కేంద్రాన్ని మూసేయడం గురించి చర్చించింది. మూయలేదు. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. హనుమకొండలో వారి కేంద్రం ఆ మరుసటి ఏడు, 1879లో మొదలైంది. అప్పుడు మూసేసి ఉంటే ఈ పక్కకు వారు వచ్చేవారే కాదు.

10. ఆపవలసి వస్తే

సంఘం చీలడమో, దాతలు వెళ్లిపోవడమో, మిషనరీతో నిజమైన విభేదం రావడమో జరిగి సహాయం ఆపవలసి వచ్చే సందర్భాలుంటాయి. అప్పుడు మౌనంగా డబ్బు ఆపేయడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. ఇద్దరు పెద్దలు స్వయంగా వెళ్లి కారణం చెప్పాలి. కనీసం ఆరు నెలల గడువు ఇచ్చి, ఆ ఆరు నెలలూ పూర్తి మొత్తం పంపుతూ, బాధ్యత తీసుకునే మరొక సంఘాన్ని వెతకడంలో మనమే తోడ్పడాలి. బడి సంవత్సరం మధ్యలో ఆ గడువు ముగియకుండా చూడండి. అలాగే కోశాధికారి మారే ప్రతిసారీ, పాతవారు కొత్తవారిని వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్లి పరిచయం చేయాలి. నేను బాధ్యత అప్పగించిన రోజు కొత్త కోశాధికారికి రిజిస్టరు, బ్యాంకు పుస్తకం, ఫోన్ వంతుల కాగితంతో పాటు, ఆ ఊరి కిరాణా కొట్టు ఎక్కడుందో కూడా చూపించాను.